అందరికీ అవే 61 చుక్కలు

ప్రశ్న: మాది కావలి. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో మా వీధి ఆడవాళ్లం కలిసి ముగ్గుల కోసం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఇప్పుడు అందులో కందుకూరు, ఒంగోలు, నెల్లూరు వాళ్లతో పాటు బెంగుళూరు, హైదరాబాదు, డాలస్‌లలో స్థిరపడిన మన ప్రాంతం వాళ్లు కూడా ఉన్నారు. మొత్తం మూడు వందల మందికి దగ్గరగా ఉంటాం. పోయిన సంక్రాంతికి సరదాగా పోటీ పెట్టి, ఎవరి ముగ్గుకు ఎక్కువ లైకులు వస్తే వాళ్లకు మొదటి బహుమతి అన్నాను. ఒక దుకాణం వారు వెండి కుంకుమ భరిణె ఇచ్చారు. అది మా తోడికోడలికి వచ్చింది. ఆ ముగ్గు పాత ముగ్గుల పుస్తకంలో ఉన్నదేనని ఒకరు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. చుట్టాలందరినీ గ్రూపులో చేర్పించి లైకులు కొట్టించుకుందని ఇంకొకరు అన్నారు. అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లు తమకు వాకిలే లేదని చిన్నబుచ్చుకున్నారు. ముగ్గుల్లో మా అందరికీ గురువులాంటి పెద్దావిడలు ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఈ ఏడు మళ్లీ పోటీ పెట్టమని చాలామంది అడుగుతున్నారు. పెట్టాలా, మానాలా? పెడితే స్నేహాలు చెడకుండా ఎలా జరపాలి?

సమాధానం: అమ్మా, పోటీ తప్పకుండా పెట్టండి. పోయినసారి గొడవ మనుషుల వల్ల వచ్చిందని మీరు బాధపడుతున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది గాని, నా దృష్టిలో అది షరతులు లేకపోవడం వల్ల వచ్చింది. "అందమైన ముగ్గు వేసి ఫోటో పెట్టండి" అన్నప్పుడు ఒకరు తమ వాకిలి వైశాల్యాన్ని, ఒకరు రంగుల మీద పెట్టిన ఖర్చును, ఒకరు చేతి ఒడుపును, ఒకరు కొడుకు కొనిచ్చిన కొత్త ఫోనును, ఒకరు తమ బంధువర్గాన్ని పోటీకి తీసుకువచ్చారు. వీటిలో దేన్ని చూసి బహుమతి ఇస్తారో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, దేనికి ఇచ్చినా మిగిలిన వాళ్లకు అది అన్యాయంగానే కనిపిస్తుంది. మీ తోడికోడలి బదులు ఇంకెవరు గెలిచినా ఏదో ఒక రూపంలో ఈ తగాదా వచ్చి తీరేది.

కనుక ముందుగా మీరు తేల్చుకోవలసింది ఒక్కటే: పోటీ దేనిలో? వాకిట్లో ముగ్గు వేసే మనిషిలో రెండు విద్యలు ఉంటాయి. చుక్కల మధ్య గీత ఎటు పోవాలో, ఎక్కడ తిరగాలో, ఏ ఆకారం ఎన్నిసార్లు రావాలో ఊహించడం ఒకటి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని ఎక్కడా లావు కాకుండా, తెగకుండా జార్చడం రెండోది. ఈ రెండో విద్యను ఫోటోలో చూసి తూకం వెయ్యడం కష్టం. దాన్ని ఎదురుగా నిలబడి చూడాలి. ఊళ్లు, దేశాలు దాటి ఫోన్లలో కలుసుకునే మీ బృందానికి నిజాయితీగా పోల్చి చూడగలిగింది మొదటిదే. అందువల్ల ఈ ఏడు పోటీని ముగ్గు వెయ్యడంలో కాక, ముగ్గును కూర్చడంలో పెట్టండి. అది కాగితం మీద జరుగుతుంది. కాగితం మీద అనగానే అపార్టుమెంటు వాళ్ల ఫిర్యాదు తీరిపోతుంది, డాలస్‌లో మంచు పడుతున్నా ఇబ్బంది ఉండదు.

ఇక నా అసలు సలహాకు వస్తాను. అందరికీ ఒకే చుక్కలు ఇవ్వండి. "9 చుక్కలు, 5 వరకు, సందు చుక్క" అని ప్రకటించండి. సందు చుక్క అంటే ఒక వరసలోని రెండు చుక్కల సందుకు ఎదురుగా తర్వాతి వరస చుక్క పెట్టడం. మధ్య వరసలో 9, దానికి పైనా కిందా 8, 7, 6, 5 చొప్పున పెడితే మొత్తం 61 చుక్కలు అవుతాయి. ఈ లెక్కే ఎందుకంటే, 7 నుంచి 4 వరకు పెట్టే చిన్న ముగ్గులో 37 చుక్కలే ఉంటాయి. అందులో కొత్తదనానికి చోటు తక్కువ, పది మంది గీస్తే నాలుగైనా ఒకేలా వస్తాయి. 15 నుంచి 8 వరకు పెడితే 169 చుక్కలు; చెయ్యి తిరిగిన వాళ్లు అందులో అద్భుతాలు చేస్తారు, కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల మాత్రం చుక్కలు చూసే వెనక్కి తగ్గుతుంది. 61 దగ్గర ఇద్దరికీ పని ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లకు ఇరుకే సవాలు, కొత్తవాళ్లకు ఆ ఇరుకే ధైర్యం. పైగా ఒకే చుక్కల మీద పుట్టిన ముప్పై నలభై ముగ్గులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, "నాకు ఈ మూల ఇలా తిప్పవచ్చని తోచలేదే" అనే మాట ప్రతి ఒక్కరి నోటా వస్తుంది. వేరు వేరు చుక్కల ముగ్గుల పోటీలో ఆ మాట రాదు, ఎందుకంటే అక్కడ ఒకరి కష్టం ఇంకొకరికి అనుభవంలోకి రాదు.

చుక్కలు సరిగా పెట్టడానికి పిల్లల గళ్ల లెక్కల పుస్తకం చాలు. వరసలో రెండేసి గళ్లకు ఒక చుక్క పెట్టి, తర్వాతి వరసను రెండు గళ్లు కిందికి, ఒక గడి పక్కకు జరిపి మొదలుపెడితే సందు చుక్క దానంతట అదే కుదురుతుంది. ముగ్గు నిలువునా కాస్త సాగినట్టు కనిపిస్తుంది గాని లెక్క తప్పదు. మీరే ఒక పేజీ గీసి, ఫోటో తీసి, ప్రకటనతో పాటు పెడితే ఎవరికీ అనుమానం ఉండదు.

చుక్కలతో పాటు ఒక విషయం కూడా ఇవ్వండి, అది మన ప్రాంతానిదై ఉండాలి. తామర, నెమలి, చిలక, శంఖం, దీపం, చెరుకుగడల మధ్య పొంగలి కుండ ఇవి ప్రతి ముగ్గుల పుస్తకంలోనూ ఉన్నవే. వీటిని అడిగితే పుస్తకాలు తెరుచుకుంటాయి. ఒంగోలు గిత్త, పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో పక్షులు, బకింగ్‌హాం కాలువ, పెన్న మీద ఆనకట్ట, ఉదయగిరి కోట వంటివి అడిగితే అవి ఏ పుస్తకంలో ఉంటాయి? ఉన్నా 61 చుక్కలకు సరిపోయేలా ఉండవు. కాపీ గురించి మీరు భయపడుతున్నారు కదా, కాపీ కొట్టిన వాళ్లను పట్టుకునే ఏర్పాట్లకన్నా కాపీ కొట్టడానికి ఏమీ దొరకని ప్రశ్న ఇవ్వడం మేలు.

ఉదాహరణకు గిత్తనే తీసుకుందాం. ఒంగోలు జాతి గుర్తులు మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు. (బ్రెజిల్ దేశంలో ఈ జాతి సంతతిని మన నెల్లూరు పేరు మీదుగానే 'నెలోరె' అంటారు కాబట్టి ఈ విషయం మీద రెండు జిల్లాల వాళ్లకూ సమానంగా హక్కుంది.) సందు చుక్కల్లో పై రెండు వరసలు తప్ప ఏ వరసలోనైనా పక్కపక్కన ఉన్న మూడు చుక్కలు తీసుకుంటే, వాటి పైన రెండు, ఆ పైన ఒకటి ఏటవాలుగా నిలబడి ఉంటాయి. ఆ ఆరింటి చుట్టూ గీతను వంచితే మూపురం వచ్చేస్తుంది. సరి చుక్కల్లో (ఒకదాని కింద ఒకటి తిన్నగా పెట్టే చుక్కల్లో) ఇదే ప్రయత్నిస్తే మెట్లు మెట్లుగా వస్తుంది తప్ప వంపు రాదు. అయితే ముగ్గు అన్నాక నలువైపులా, సందు చుక్కల్లో అయితే ఆరు వైపులా ఒకేలా తిరిగి రావాలి గనుక ఎద్దు మొత్తం ఆరుసార్లు 61 చుక్కల్లో పట్టదు. అప్పుడు గీసే మనిషి ఆలోచనలో పడుతుంది. ఎద్దులో ఏది ఉంచితే ఎద్దని తెలుస్తుంది? మూపురం ఒక్కటే చాలునా, దాని పక్కన పొట్టి కొమ్ముల జత పెట్టాలా, మెడగంటను నడిమి చుక్క మీదికి తేవచ్చా? ఆ ఆలోచనే మీరు బహుమతి ఇవ్వదగిన విషయం. కొమ్ములు పొడుగ్గా గీస్తే అది ఒంగోలు గిత్త కాదని ఇంట్లో మగవాళ్లు కూడా వచ్చి చెబుతారు. ఆ చర్చ కూడా పోటీకి మంచిదే.

రంగులు ఈసారి వద్దు. నల్ల పెన్ను, తెల్ల కాగితం. "రంగులేని ముగ్గు ముగ్గేనా" అని కొందరు తప్పక అంటారు. తెల్లవారుజామున వాకిట్లో తెల్లటి పిండితో వేసేదే మన నిత్యపు ముగ్గు అనీ, రంగులు పండుగ రోజు వేడుక అనీ వాళ్లకు గుర్తు చెయ్యండి. రంగు బలహీనమైన అల్లికను కూడా దాచేయగలదు. అల్లికను చూడదలచుకున్నప్పుడు దాన్ని పక్కన పెట్టక తప్పదు. ప్రతి ఒక్కరూ మూడు ఫోటోలు పంపాలని నియమం పెట్టండి: వట్టి చుక్కలది, సగం కలిపినది, పూర్తయినది. ఫోన్లలో ఏది అడిగితే అది బొమ్మగా గీసిచ్చే యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో, సగం కలిపిన ఫోటో గీసింది ఎవరో చెప్పకనే చెబుతుంది. ఫోటో నిలువునా పైనుంచి తీయాలి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాలి; లేకపోతే సన్నని గీతలు అలుక్కుపోతాయి.

ఇంత చేసినా ఎక్కడో చూసిన ముగ్గు పోలిక ఎవరి ముగ్గులోనైనా రావచ్చు. దాన్ని నేరంగా చూడకండి. ముగ్గులు ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి నడిచి వెళ్లిన పిల్లల కళ్లలో దాక్కుని ఊరంతా తిరిగినవే. పుట్టింటి ముగ్గు అత్తింటికి వెళ్లేదీ అలాగే. అందుచేత ప్రతి ముగ్గుతో పాటు అది ఎలా పుట్టిందో రెండు వాక్యాలు రాయమనండి. "మా అమ్మమ్మ కనుమనాడు వేసే రథం చక్రాన్ని తీసుకుని, దాని ఆకుల (చువ్వల) స్థానంలో మూపురాలు పెట్టాను" అని ఒకామె రాస్తే ఆ ముగ్గుకు విలువ పెరుగుతుందే గాని తగ్గదు. పోలిక ఉందని ఎవరికైనా అనుమానం వస్తే ఆ మాట గ్రూపులో పెట్టకుండా, ఓటింగు మొదలయ్యే లోపు మీకు విడిగా రాయాలి. ముగ్గులను అందుకునే నమ్మకస్తురాలి ద్వారా (ఆమె సంగతి కింద చెబుతాను) మీరు ఆ ముగ్గు వేసినామెను విడిగా అడిగించాలి. ఓటింగు మొదలయ్యాక వచ్చే ఫిర్యాదులు తీసుకోమని ముందే రాసి పెట్టండి. పోయినసారి పుస్తకం పేజీ అందరి ముందూ పడటం వల్లనే గాయం అంత లోతుగా అయింది. అదే మాట మీ చెవిలో పడి ఉంటే మీ తోడికోడలు "అవును, అందులోంచే నేర్చుకున్నాను" అని నవ్వేసి ఉండేదేమో.

ఎవరు గెలిచారో తేల్చే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, తగాదాలన్నీ అక్కడే పుడతాయి గనుక. లైకులు వద్దు. వాట్సాప్ పోల్ కూడా వద్దు. అందులో 12కు మించి పేర్లు పెట్టడానికి వీలుండదు, పైగా మామూలు పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది. ఎదురింటి వదినకు వెయ్యలేదని తెలిసిపోయే చోట మన వాళ్లు మొహమాటానికి ఓటేస్తారు, ముగ్గుకు వెయ్యరు. ముగ్గులన్నీ మీకు కాక, పోటీలో పాల్గొనని ఒక నమ్మకస్తురాలికి చేరాలి. ఆమె పేర్లు తీసేసి, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చి, నంబర్లతో మాత్రమే గ్రూపులో పెట్టాలి. ఫలితం వచ్చే దాకా ఏ నంబరు ఎవరిదో మీకు కూడా తెలియకూడదు. మీరూ ఆమే పోటీలో ఉండకూడదు. మీ తోడికోడలిని మాత్రం వద్దనకండి. పేర్లు లేని చోట చుట్టరికం పనిచెయ్యదు, ఆమెను దూరం పెడితే పోయినసారి తప్పు ఆమెదేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఓటు హక్కు ముగ్గు పంపిన వాళ్లకే ఉండాలి. ఒక్క రాత్రిలో గ్రూపులో చేరిన పినతండ్రి కొడుకులూ, మేనత్త కూతుళ్లూ ఇక్కడ ఆగిపోతారు. ముగ్గులు పాతికకు మించకపోతే అందరూ అన్నీ చూడవచ్చు. అంతకు మించితే నంబర్లను రెండు జట్లుగా విడగొట్టి, మొదటి జట్టు వాళ్లు రెండో జట్టు ముగ్గులకూ, రెండో జట్టు వాళ్లు మొదటి జట్టు ముగ్గులకూ ఓటు వేసేలా చెయ్యండి. అప్పుడు ఎవరూ తమ ముగ్గుకు వేసుకోలేరు, తమకు పోటీగా ఉన్నదాన్ని కావాలని కిందికి తొయ్యనూ లేరు. ఒక్కో జట్టులోంచి అయిదేసి ముందుకు వస్తాయి. ఆ పదింటి మీద ముగ్గు పంపిన వాళ్లందరూ చివరి ఓటు వేస్తారు. ఆ పదింటిలో తమది ఉన్నవాళ్లు దాన్ని వదిలి మిగిలిన వాటికి వెయ్యాలి.

ప్రతి ఒక్కరూ ఒకదానికే ఓటు వేసే పద్ధతి పెట్టకండి. మొదటి ఇష్టానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1 మార్కు ఇచ్చేలా మూడు ముగ్గులను ఎంచమనండి. ఇది ఎందుకు అవసరమో ఒక లెక్కలో చూపిస్తాను. మూడు ముగ్గులే మిగిలాయనీ, 38 మంది ఓటు వేస్తున్నారనీ అనుకుందాం. గిత్త, ఫ్లెమింగో రెండిటిలో ఏదైనా వెయ్యవచ్చని మీరు విషయం ఇచ్చారనుకుంటే, అందులో రెండు గిత్త ముగ్గులు, ఒకటి ఫ్లెమింగో. ఒక్క ఓటు పద్ధతిలో ఫ్లెమింగోకు 14, మొదటి గిత్తకు 13, రెండో గిత్తకు 11 వచ్చాయి. ఫ్లెమింగో గెలిచింది, కాని 24 మందికి అది అన్నిటికన్నా చివరి ఇష్టం. అదే జనం 3-2-1 పద్ధతిలో వేసి, ఒక గిత్తను మెచ్చినవాళ్లు ఇంకో గిత్తను రెండో స్థానంలోనూ, ఫ్లెమింగో వాళ్లు మొదటి గిత్తను రెండో స్థానంలోనూ పెడితే మొదటి గిత్తకు 89, రెండో గిత్తకు 73, ఫ్లెమింగోకు 66 మార్కులు వస్తాయి. ఒకే రకం ముగ్గు ఇద్దరికి తోచినందువల్ల ఇద్దరూ ఓడిపోయే దుస్థితి ఇలా తప్పుతుంది. మీరు అందరికీ ఒకే చుక్కలు, ఒకే విషయం ఇస్తున్నప్పుడు ఒకే రకం ముగ్గులు రావడం ఖాయం గనుక ఈ జాగ్రత్త మీకు మరీ అవసరం. గూగుల్ ఫారంలో మూడు ప్రశ్నలు పెడితే ఈ లెక్క మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలు నిమిషాల్లో చేసిపెడతారు. చివర అందరి మార్కులూ గ్రూపులో పెట్టవద్దు, మొదటి మూడింటివి చాలు. ఎవరికి సున్నా వచ్చిందో ఊరికి తెలియవలసిన పనిలేదు.

ఓటు వేసేవాళ్లకు పెద్ద కొలమానాలు ఇచ్చి అయోమయంలో పడెయ్యకండి. చుక్కలన్నీ గీతలో కలిశాయా, విషయం చెప్పకుండానే తెలుస్తోందా, ఈ ముగ్గును ఒకసారి చూసి రేపు తెల్లవారి నా వాకిట్లో నేను వెయ్యగలనా అన్న మూడు ప్రశ్నలు చాలు. మూడోది చాలా కఠినమైన పరీక్ష. వంద గీతలతో కళ్లు చెదరగొట్టే ముగ్గు అందులో ఓడిపోతుంది, నాలుగు తిప్పులతో మనసులో నిలిచేది గెలుస్తుంది.

కొత్తవాళ్లకు విడిగా విభాగం పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. పెళ్లైన కొత్తలో కావలి వచ్చిన అమ్మాయిని "నువ్వు చిన్నవాళ్లలో ఉండు" అన్నట్టు ఉంటుంది. దానికి బదులు పోటీకి రెండు వారాల ముందు 7 నుంచి 4 వరకు 37 చుక్కల ముగ్గును అందరి చేతా ఉత్తినే గీయించండి, ఓటు లేకుండా, నంబరు లేకుండా. అనుభవజ్ఞులు అక్కడ దిద్దిపెట్టవచ్చు, సందేహాలు తీర్చవచ్చు. పోటీ మొదలయ్యాక మాత్రం ఒకరి కాగితం మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఇంకో నియమం కూడా పెట్టండి: ఓటు వేసే ప్రతి ఒక్కరూ తాము మార్కు ఇవ్వని రెండు ముగ్గుల్లో తమకు నచ్చిన ఒక్కో అంశాన్ని రాయాలి. "బాగుంది, సూపర్" అని రాస్తే చెల్లదు. "17వ నంబరులో పైవరస అయిదు చుక్కలను ఒకే గీతలో కలిపి పక్షి మెడకు చోటిచ్చారు" వంటి వాక్యం కావాలి. ఫలితాలతో పాటు ఈ మాటలన్నీ నంబర్ల కింద చేర్చి పెడితే, గెలవని వాళ్లు కూడా తమ ముగ్గును ఎవరో శ్రద్ధగా చూశారని తెలుసుకుంటారు. పోయినసారి మీ గ్రూపులో కరువైంది అదే.

గడువు విషయంలో మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కోస్తాకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ఆ రోజుల్లో వేసిన ముగ్గు పూట గడవకముందే కొట్టుకుపోతుంది. కాగితం మీద పోటీకి అదే అనువైన కాలం. కార్తీకంలో ప్రకటించి, డిసెంబరు మొదటి వారానికల్లా ఓటింగు ముగిస్తే, డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలై నెల పట్టేసరికి గెలిచిన ముగ్గులు వాకిళ్లకు సిద్ధంగా ఉంటాయి. సంక్రాంతి వారంలో పోటీ పెడితే అరిసెల పాకం దగ్గర ఉన్నవాళ్లకు ఫోను చూసే తీరిక కూడా ఉండదు. గడువును "ఆదివారం అర్ధరాత్రి" అనకండి, అది శనివారం ముగిసాకనా ఆదివారం ముగిసాకనా అని ఒకరైనా తికమక పడతారు. "ఆదివారం రాత్రి 9 గంటలు, మన టైము" అని రాయండి. డాలస్‌లో అప్పటికి ఆదివారం ఉదయం 9:30 అవుతుంది, వాళ్లకూ అనుకూలమే. ఒక్క నిమిషం ఆలస్యమైనా తీసుకోవద్దు, మీ ప్రాణస్నేహితురాలిదైనా సరే.

బహుమతికి వెండి వద్దు, దుకాణాల వాళ్ల సాయమూ వద్దు. విలువైన వస్తువు మధ్యలోకి వచ్చిన క్షణం నుంచి సరదా పోటీ పంచాయితీ అవుతుంది. ప్రవేశ రుసుము పెట్టినా అంతే. ఉదయగిరిలో కొయ్యతో చెక్కే గరిటెలు, చెంచాలు ఉన్నాయి కదా, వాటిలో ఒకటి మొదటి ముగ్గురికీ పంపండి. ఖర్చు తక్కువ, పోస్టులో పగలదు, మన జిల్లా పనితనమని చెప్పుకోవడానికి బాగుంటుంది. అసలు బహుమతి వేరే ఉంది. మొదటి స్థానం వచ్చిన ముగ్గును ధనుర్మాసంలో ఒక నిర్ణయించిన రోజున గ్రూపులో వీలున్న వాళ్లందరూ తమ వాకిళ్లలో, వాకిలి లేనివాళ్లు గడప ముందో బాల్కనీలోనో, వేసి ఫోటోలు పెట్టాలి. ఆ రోజు రంగులకూ, పెద్ద వాకిళ్లకూ, మంచి ఫోన్లకూ అడ్డు లేదు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక వాకిట, ఒంగోలు లాయర్‌పేటలో ఒక వాకిట, డాలస్‌లో గ్యారేజీ ముందు తన ముగ్గే కనిపించిన మనిషికి వెండి భరిణె గుర్తుకు కూడా రాదు.

వెళ్లిపోయిన ఆ పెద్దావిడల దగ్గరికి ఫోను చేసి ఊరుకోకుండా, వీలైతే మీరే వెళ్లండి. తిరిగి చేరమని అడగవద్దు, జరిగినదాన్ని వివరించనూ వద్దు. ఈ ఏడు ఏ చుక్కలు, ఏ విషయం ఇస్తే బాగుంటుందో చెప్పమని అడగండి. నేను చెప్పిన 9 నుంచి 5 వరకు అన్నది నా అభిప్రాయమే. వాళ్లు 11 నుంచి 6 వరకు, అంటే 91 చుక్కలు కావాలంటే అవే పెట్టండి. చుక్కలు వాళ్లు పెట్టారని ప్రకటనలో రాయండి. తీర్పు చెప్పమని మాత్రం అడగవద్దు, తీర్పు చెప్పినవాళ్ల మీద మళ్లీ ఎవరికో కోపం వస్తుంది.

వాళ్లు మెలికల ముగ్గు (చుక్కలను కలపకుండా, వాటి చుట్టూ గీత మెలికలు తిరిగే ముగ్గు) పెట్టమని అనే అవకాశమూ ఉంది. అప్పుడు చుక్కల లెక్క విషయంలో జాగ్రత్త పడాలి. సరి చుక్కల్లో, పక్కపక్కన ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీతలు ఒకదాన్నొకటి దాటేలా అంతటా తిప్పుకుంటూ పోతే, 5 వరసల్లో 7 చుక్కల చొప్పున ఉన్నప్పుడు మొత్తం ముగ్గు ఒకే గీతతో పూర్తవుతుంది. 4 వరసల్లో 6 చొప్పున అయితే రెండు గీతలు, 6 వరసల్లో 6 చొప్పున అయితే ఆరు గీతలు పడతాయి. వరసల సంఖ్యకూ, ఒక్కో వరసలోని చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో అన్ని గీతలు, మీ ఇంట్లో పదో తరగతి పిల్లవాడిని అడిగితే చెబుతాడు. చెయ్యి ఎత్తకుండా ఒకే గీతలో వెయ్యడమే పోటీ అనుకుంటే 6 వరసల్లో 6 ఇవ్వడం అందరినీ తిప్పలు పెట్టడమే అవుతుంది. మధ్యలో కొన్నిచోట్ల గీతను దాటించకుండా మళ్లిస్తే గాని అది సాధ్యం కాదు. ఇవన్నీ తీరికవేళ సరదాలని అనుకోకండి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి తమిళనాడు ముగ్గులను గీసే పద్ధతి మీద 1974లోనే కంప్యూటరు శాస్త్ర పత్రికలో పరిశోధన వ్యాసం ప్రచురించారు.

పోటీ అయిపోయాక వచ్చిన ముగ్గులన్నిటినీ పేర్లతో, వాళ్లు రాసిన రెండేసి వాక్యాలతో ఒక పీడీఎఫ్‌గా కూర్చి గ్రూపులో పెడితే మంచిది. దీనికి మాత్రం ముందే అనుమతి అడగాలి. కొందరికి పేరు బయటికి రావడం ఇష్టం ఉండదు, వాళ్లది ఊరి పేరుతో వేస్తే సరిపోతుంది. సంక్రాంతి ముందు పేవ్‌మెంట్ల మీద అమ్మే ముగ్గుల పుస్తకాల వాళ్లో, మీకు తెలిసిన ప్రెస్సు వాళ్లో వాటిని అచ్చు వేస్తామని వస్తే మీ అంతట మీరు సరేనని అనవద్దు. తరతరాల ముగ్గు మీద ఎవరి హక్కూ ఉండదు గాని, ఒకరు సొంతంగా కూర్చిన రూపం మీద 1957 నాటి కాపీరైటు చట్టం కింద ఆ వ్యక్తికి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ హక్కును ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. గ్రూపులో పెట్టినంత మాత్రాన అది మీకో, గ్రూపుకో రాదు. అచ్చుకు అడిగిన వాళ్లను నేరుగా ముగ్గు కూర్చిన ఒక్కొక్కరి దగ్గరికి పంపండి. వద్దన్నవాళ్ల ముగ్గు ఆ పుస్తకంలో ఉండకూడదు.